జర్మనీ శరత్కాలం: గుడారమా, గృహమా?

జర్మనీ దేశపు శరత్కాలం అనగానే మన విద్యార్థులలో అనేకుల కన్నుల ముందు మెదిలే దృశ్యం ఒక్కటే. మ్యూనిక్ నగరంలో విశాలమైన గుడారాలు, పొడవాటి బల్లలు, నురుగు పొంగే బీరు పాత్రలు, ఇత్తడి వాద్యాల హోరు. ఆ దృశ్యం అసత్యం కాదు. కాని ఒక దేశాన్ని దాని సంతను చూచి మాత్రమే గ్రహించడం ఎంత అసమగ్రమో, ఒక ఋతువును ఆ సంతలోని గుడారాన్ని చూచి మాత్రమే గ్రహించడమూ అంత అసమగ్రమే. జర్మన్ కుటుంబాలు ఆ ఋతువును తమ ఇండ్లలో ఏ విధంగా గౌరవిస్తున్నవో తెలుసుకొనినచో మనకు తోచే చిత్రం వేరు. జర్మనీ పద్ధతిలో శరత్కాలపు వేడుకను తమ కుటుంబంతో ఇంటిలో జరుపుకొనదలచినవారు గుడారాన్ని గాక, గృహంలోని భోజనపు బల్లను ఆదర్శంగా గ్రహించవలెనన్నది నా దృఢాభిప్రాయం.

మన కళాశాల విద్యార్థులకు ఈ చర్చతో ఏమి నిమిత్తమని కొందరు ప్రశ్నింపవచ్చును. జర్మనీ విశ్వవిద్యాలయాలలో చదివే విదేశీ విద్యార్థులలో ఇటీవలి సంవత్సరాలలో భారతీయుల సంఖ్యయే అధికం. వారిలో తెలుగు నేల నుండి వెళ్ళినవారు, ఉర్దూ మాతృభాషగా గలవారు ఎందరో ఉన్నారు. అక్కడి శీతకాలపు అర్ధసంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. అనగా మన యువకుడో యువతియో ఆ దేశంలో అడుగిడే వేళకు ఆకులు పసుపు వన్నెకు తిరుగుతూ ఉంటాయి, పగళ్ళు కురచబారుతూ ఉంటాయి. అక్టోబరు చివరి ఆదివారంనాడు గడియారాలను ఒక గంట వెనుకకు త్రిప్పుతారు. నవంబరు మధ్యకు వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే ప్రొద్దు గ్రుంకుతుంది. ఇల్లు విడిచి వెళ్ళిన తొలి నెలలలో ఆ చీకటి మనస్సుపై ఎంత బరువుగా వాలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అట్టి సమయంలో ఇరుగుపొరుగు వారి నుండి గాని, తోటి విద్యార్థుల ఇంటి నుండి గాని పండుగకు పిలుపు వస్తుంది. అప్పుడు మనవారి ఎదుట సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. తలుపు మూసుకొని ఒంటరిగా కూర్చుండడం ఒకటి. విచక్షణను గడప వద్ద విడిచి, అందరూ చేసినదెల్ల చేయడం రెండవది. మొదటిదానిని నిష్ఠ అని, రెండవదానిని ఆధునికత అని పిలుచుకొనేవారు ఉన్నారు. నా దృష్టిలో రెండూ భయం నుండి పుట్టినవే. ఒకరికి తాము కరిగిపోతామన్న భయం, మరొకరికి తాము వేరుగా కనిపిస్తామన్న భయం. ఏది స్వీకరింపదగినది, ఏది కాదు అని తెలిసి ఎంచుకొనే మూడవ దారి ఒకటి కలదు. ఆ దారిని చూపడానికి ఆ పండుగల చరిత్రయే మనకు సాయపడుతుంది.

మ్యూనిక్‌లోని అక్టోబర్‌ఫెస్ట్ తొలుత ఒక పెండ్లి వేడుక. 1810 అక్టోబరు 12వ తేదీన బవేరియా యువరాజు లుడ్విగ్‌కు రాకుమారి తెరేజాతో వివాహం జరిగింది. ఆ సంబరాలకు ముగింపుగా అక్టోబరు 17న నగరం వెలుపలి మైదానంలో గుర్రపు పందెం జరిపించారు. వధువు పేరిట ఆ మైదానానికి తెరేజియన్‌వీజె అన్న పేరు వచ్చింది. మరుసటి సంవత్సరం, 1811లో, ఆ పందెంతోపాటు వ్యవసాయ ప్రదర్శన కూడ ఏర్పాటయింది. అనగా రైతు, అతని పశువు, అతని పంట ఆ ఉత్సవంలో మొదటి నుండి భాగమే. ఆ వ్యవసాయ ప్రదర్శన నేటికీ నాలుగేండ్లకొకసారి ఆ మైదానంలోనే జరుగుతున్నది. అయితే బీరు గుడారాలు పెరిగిన కొలది లోకానికి అవి మాత్రమే కనిపించసాగాయి. 2023లో ఆ ఉత్సవానికి సుమారు 72 లక్షలమంది వచ్చారు. అంత పెద్ద జనసమ్మర్దంలో ఆనందం ఉండవచ్చును. కాని అక్కడ ఎవరును ఎవరికీ అతిథి కారు, అందరూ కొనుగోలుదారులే. ఇంటి వేడుకకు ఇది నమూనా కాజాలదు.

ఇంటికి చేరదగిన పండుగ వేరొకటి ఉన్నది. దాని పేరు ఎర్న్‌టెడాంక్. కోతల కృతజ్ఞత అని దాని అర్థం. సాధారణంగా అక్టోబరు మొదటి ఆదివారంనాడు దీనిని జరుపుకుంటారు. 1972లో జర్మన్ కాథలిక్ బిషప్పుల సమావేశం కూడ ఈ ఆదివారాన్నే నిర్ణయించింది. ఆ దినాన చర్చిలలో ధాన్యపు కంకులతో అల్లిన కిరీటాన్ని నిలుపుతారు. రొట్టెలు, ఆపిల్ పండ్లు, ద్రాక్షలు, గుమ్మడికాయలు, దుంపలు పీఠం ముందు అమర్చుతారు. ప్రార్థన ముగిసిన తరువాత పలుచోట్ల ఆ పదార్థాలను పేదలకు పంచుతారు. మిగులు ఆహారాన్ని సేకరించి లేనివారికి అందించే టాఫెల్ అన్న సేవాసంస్థలు 1993లో బెర్లిన్‌లో మొదలై దేశమంతటా వ్యాపించాయి. ఈ పండుగ కానుకలు నేడు అనేక ఊళ్ళలో వాటికే చేరుతున్నవి.

ఈ ఋతువులో బడి పిల్లలకిచ్చే శరత్కాలపు సెలవులకు పూర్వం బంగాళాదుంపల సెలవులన్న పేరుండేది. పిల్లలు కూడ పొలంలో దిగి దుంపలు ఏరిన కాలమది. కోత ముగిసిన చేలలో గాలిపటాలు ఎగురవేయడం అక్కడి పిల్లలకు నేటికీ శరత్కాలపు ముచ్చట. సంక్రాంతినాడు హైదరాబాదు డాబాలపై గాలిపటాలెగురవేసిన మన పిల్లవానికి ఈ ఒక్క విషయంలో ఎవరును పాఠం చెప్పనక్కరలేదు.

పంటకు కృతజ్ఞత చెప్పుకొనడం మన ముస్లిం విద్యార్థులకు పరాయి భావమేమీ కాదు. పంట కోసిన దినముననే దాని హక్కును చెల్లించవలెనన్న ఆదేశం పవిత్ర ఖురానులోని అల్ అన్ఆమ్ అధ్యాయంలో ఉన్నది. వానపై పండిన పంటలో పదవ వంతు, శ్రమించి నీరు తోడి పండించిన పంటలో ఇరువదవ వంతు పేదలకు చెందవలెనన్న ఉష్ర్ నియమం మన పెద్దలందరికీ తెలిసినదే. మన ఈద్ పండుగలు చాంద్రమానాన్ని అనుసరించి ఏటేటా సుమారు పదకొండు దినాలు ముందుకు జరుగుతూ ఋతువులన్నిటినీ చుట్టివస్తాయి. కావున ఏ ఒక్క ఋతువుకూ కట్టుబడిన కోతల పండుగ మనకు లేకపోవచ్చును. కాని కోత వెనుక దాత ఉన్నాడన్న ఎరుక, గాదెలో పేదవానికి వాటా ఉన్నదన్న ఎరుక మనకు లోటు లేదు. పొరుగువాని బల్లపై ఆ ఎరుక కనిపించినప్పుడు దానిని గుర్తుపట్టడం కష్టం కాకూడదు.

ఇల్లు ఎందుకు, వీధి ఎందుకు కాదు అన్న ప్రశ్నకు జర్మనీ చరిత్రలోనే ఒక కఠినమైన సమాధానం ఉన్నది. 1933 నుండి 1937 వరకు నాజీ ప్రభుత్వం హామెల్న్ పట్టణ సమీపంలోని బ్యుకెబెర్గ్ కొండపై ఏటా కోతల పండుగను రాజ్యోత్సవంగా జరిపింది. లక్షలాది జనాన్ని చేర్చి, రైతు కృతజ్ఞతను నాయకుని ఆరాధనగా మార్చింది. అవే కంకులు, అవే కిరీటాలు. కాని కృతజ్ఞత చేరవలసిన చోటు మారింది. దేవునికి చెందవలసిన వందనం ఒక మనిషికి చేరింది, పేదవానికి చెందవలసిన వాటా ఆయుధ ప్రదర్శనలలో మరుగున పడింది. పండుగ వస్తువులలో లేదు, దాని ఉద్దేశంలో ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి? పదిమంది కూర్చుండే బల్లను ఏ ప్రభుత్వమూ అంత సులభంగా స్వాధీనపరచుకొనజాలదు.

ఇక నవంబరు 11వ తేదీన వచ్చే సాంక్ట్ మార్టిన్ పండుగ పిల్లలకు అత్యంత ప్రియమైనది. నాల్గవ శతాబ్దంలో రోమను సైనికుడైన మార్టిన్, ఆమియాఁ నగర ద్వారం వద్ద చలికి వణకుచున్న బిచ్చగాడిని చూచి, తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం అతనికిచ్చాడని గాథ. ఆ జ్ఞాపకార్థం పిల్లలు తమ చేతులతో కాగితపు లాంతర్లు చేసికొని, చీకటి పడగానే పాడుతూ వీధుల వెంట నడుస్తారు. తియ్యని పిండితో మనిషి ఆకారంలో కాల్చిన రొట్టెలు వారికి పంచుతారు.

2013లో నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ఒక రాజకీయ నాయకుడు ఈ పండుగ పేరును సూర్యచంద్ర నక్షత్రాల పండుగగా మార్చవలెనని సూచించాడు. ఇతర మతాల పిల్లలు ఇబ్బంది పడకూడదన్నది ఆయన చెప్పిన కారణం. ఆ సూచనను తిరస్కరించినవారిలో జర్మనీ ముస్లింల కేంద్రమండలికి నాటి అధ్యక్షుడైన ఐమన్ మజియెక్ ఒకరు. మార్టిన్ జీవితం ముస్లింలకు సైతం ఆదర్శప్రాయమేనని ఆయన అన్నారు. మైనారిటీ సంస్థలో చదివే మనమందరం శ్రద్ధగా ఆలోచింపదగిన మాట ఇది. మన పేరు చెప్పి మరొకరి పండుగ పేరును చెరిపివేయడం మనకు గౌరవం కాదు. అతిథేయి తన పండుగను తన పేరుతోనే జరుపుకోవాలి. అతిథి తన విశ్వాసంతోనే ఆ గడప దాటాలి. ఇద్దరిలో ఎవరు తమను తాము దాచుకొన్నా ఆ కలయిక నటనయే అవుతుంది.

సౌహార్దం వంటింటిలో మొదలవుతుంది. కావున కొన్ని లౌకిక విషయాలు చెప్పక తప్పదు. ఈ ఋతువులో చేసే ఉల్లిపాయల రొట్టెలో సాధారణంగా పంది మాంసపు ముక్కలు కలుపుతారు. అవి లేకుండ చేసినా దాని రుచి చెడదు. బ్రెట్సెల్ అన్న మెలికల రొట్టెలో కొన్నిచోట్ల పంది కొవ్వు చేరుతుంది. ఫెడర్‌వైసర్ అన్న పానీయం ద్రాక్షరసం వలె తియ్యగా ఉన్నా అది పులియుచున్న మద్యమే. మద్యరహితమని వ్రాసిన బీరులో సైతం అర శాతం వరకు మద్యసారం ఉండడానికి అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి. మరి బల్లపై ఏమి మిగులుతుందని నిరాశపడనక్కరలేదు. అప్పుడే పిండిన ఆపిల్ రసం, గుమ్మడికాయ సూపు, బంగాళాదుంపల వంటకాలు, నేరేడు వన్నెలో మెరిసే ప్లమ్ పండ్ల కేకు, అక్రోటు కాయలు, గోధుమ, రై ధాన్యాల రొట్టెలు. ఇవన్నీ ఆ నేల పంటలే, ఏ అతిథీ సంకోచం లేకుండ చేయి చాపగలిగినవే. వాటి సరసన మన ఇంటి ఖుబానీ కా మీఠా ఒక గిన్నెడు ఉంచినచో బల్లకు నిండుదనం వస్తుంది.

అతిథికి ఏమి చెల్లదో ముందుగా అడిగి తెలుసుకొనడం అతిథేయికి చిన్నతనం కాదు. అడుగకముందే మర్యాదగా తెలియజేయడం అతిథికి తప్పు కాదు. పిలిచిన గడియకు సరిగా వెళ్ళడం మాత్రం ఆ దేశంలో మర్యాదలోకెల్ల మొదటి మర్యాద. ఈ విషయంలో మన విద్యార్థులు కొంత అభ్యాసం చేయవలసి ఉన్నది!

ఇది అనుకరణ కాదా, ఇట్లు ఒక్కొక్కటిగా స్వీకరిస్తూ పోయినచో చివరకు మనదంటూ ఏమి మిగులుతుంది అని పెద్దలు అడుగుతారు. ఆ ఆందోళనను తేలికగా కొట్టివేయరాదు. ఆరాధన వేరు, ఆతిథ్యం వేరు. ఒకరి ప్రార్థనలో పాల్గొనాలా వద్దా అన్నది ప్రతి కుటుంబం తన అంతఃకరణను అనుసరించి నిర్ణయించుకోవాలి. దూరంగా ఉండదలచినవారిని సంకుచితులని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని రొట్టె పంచుకొనడానికి, పిల్లవాని లాంతరును మెచ్చుకొనడానికి, ఒంటరివానిని పిలిచి కూర్చుండబెట్టడానికి విశ్వాసం అడ్డు రాదు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందూ సోదరులు పీర్లను దర్శించి మొక్కులు చెల్లించుకొనడం తరతరాలుగా ఉన్నది. దానివలన వారు హిందువులు కాకుండా పోలేదు. మార్టిన్ తన అంగీలో సగం ఇచ్చాడు, సగం తన భుజాలపైనే ఉంచుకొన్నాడు. ఇచ్చుటలోనే గాక ఉంచుకొనుటలో కూడ వివేకమున్నదని ఆ గాథ మనకు చెప్పకయే చెప్పుచున్నది.

1961లో పశ్చిమ జర్మనీ తుర్కీతో చేసుకొన్న ఒప్పందం మేరకు అక్కడికి వెళ్ళిన కార్మికులు కొన్ని ఏండ్లలో తిరిగి వెళ్ళిపోతారని ఇరుపక్షాలవారూ తలంచారు. వారిలో అనేకులు అక్కడే స్థిరపడినారు. నేడు జర్మనీ ఐక్యతా దినమైన అక్టోబరు 3న అక్కడి మసీదులు తమ తలుపులు తెరచి పొరుగువారిని తేనీటికి ఆహ్వానిస్తున్నవి. 1997 నుండి సాగుతున్న ఆచారమిది. కోతల పండుగ ఆదివారం, మసీదుల ఆహ్వాన దినం ఒకే వారంలోనో, అటునిటుగానో రావడం యాదృచ్ఛికమే కావచ్చును. కాని పొరుగువాని బల్ల వద్ద కూర్చుండినవాడు పొరుగువానిని తన బల్ల వద్దకు పిలువగలిగినప్పుడే ఆతిథ్యం పూర్తి అవుతుంది. కేవలం అతిథిగా మిగిలిపోయేవాడు ఎన్నటికీ పొరుగువాడు కాజాలడు.

మన కళాశాల పెద్దలు విదేశాలకు వెళ్ళే విద్యార్థులకు ప్రవేశ పరీక్షల గురించి, వీసాల గురించి, భాష గురించి శ్రద్ధగా బోధిస్తున్నారు. దానితోపాటు ఒక ఇంటికి అతిథిగా ఎట్లు వెళ్ళవలెనో, ఒక ఇంటిలో అతిథేయిగా ఎట్లు ఉండవలెనో కూడ బోధింపవలసిందిగా నా విన్నపం. విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఆ దేశంలో అద్దెకు తీసికొన్న చిన్న గదిలోనైనా సరే, అక్టోబరులో ఒక ఆదివారం బల్లపై నాలుగు ఆపిల్ పండ్లు, ఒక రొట్టె, ఒక దీపం ఉంచండి. ఆ చీకటిలో ఒంటరిగా ఉన్న మరొకరిని పిలవండి. గుడారంలో మీ లోటు ఎవరికీ తెలియదు. ఆ బల్ల వద్ద మాత్రం మీ కొరకు ఎదురుచూచేవారు ఒకరుంటారు.