పర్యవేక్షణకు ముగింపు ఎప్పుడు?

యుద్ధం ఆగిన దేశానికి శాంతి ఒప్పందం ఒక్కటే చాలదు. దానిని అమలు జరిపే యంత్రాంగం కూడా కావాలి. అయితే ఆ యంత్రాంగం పరాయివారి చేతిలో ఎంతకాలం ఉండాలి? బోస్నియా హెర్జెగోవినా మూడు దశాబ్దాలుగా ఈ ప్రశ్నతోనే జీవిస్తోంది.

అమెరికాలోని డేటన్‌లో కుదిరి, 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలు జరిగిన ఒప్పందం అక్కడి మారణకాండకు తెరదించింది. పౌర వ్యవహారాలలో దాని అమలును పర్యవేక్షించడానికి 'ఉన్నత ప్రతినిధి' పదవి ఏర్పడింది. 1997 డిసెంబరులో జర్మనీలోని బాన్‌లో సమావేశమైన శాంతి అమలు మండలి, అవసరమైతే చట్టాలను విధించడానికి, శాంతికి అడ్డుపడే పదవీధరులను తొలగించడానికి ఆయనకు అధికారమిచ్చింది.

ఈ అధికారం వలన మేలు జరగలేదని మేము అనము. యుద్ధానంతరం వాహనం నంబరు ప్లేటును బట్టి అందులోని మనిషి ఏ వర్గంవాడో తెలిసిపోయేది. అవతలి ప్రాంతానికి వెళ్లాలంటే ప్రాణభయం. 1998లో దేశమంతటికీ ఒకే తరహా ప్లేట్లు వచ్చాక సామాన్యులు ధైర్యంగా ప్రయాణించసాగారు. స్థానిక నాయకుల మధ్య పొసగని జాతీయ పతాకం సైతం ఆ ఏడే ఉన్నత ప్రతినిధి నిర్ణయంతో వచ్చింది.

కాని ఊతకర్ర అలవాటైన కాలికి బలం రాదు. 2008 ఫిబ్రవరిలో మండలి ఐదు లక్ష్యాలు, రెండు షరతులు పెట్టి, అవి నెరవేరితే ఆ కార్యాలయాన్ని మూసివేస్తామన్నది. వాటిలో మొదటిదైన ప్రభుత్వ ఆస్తుల పంపకం నేటికీ వివాదమే. 2009 అక్టోబరులో సరాయెవో సమీపాన బుట్మిర్ స్థావరంలో ఐరోపా, అమెరికా దౌత్యవేత్తలు రాజ్యాంగ మార్పులను ప్రతిపాదించారు. అవి కొందరికి అతిగాను, కొందరికి అత్యల్పంగాను తోచాయి. చర్చలు ఫలించలేదు. 2021లో క్రిస్టియన్ ష్మిట్ ఉన్నత ప్రతినిధిగా బాధ్యతలు చేపట్టగా, రష్యా ఆయనను గుర్తించ నిరాకరించింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. సంస్కరణలు చేయవలసినవారు వాటివలన అధికారం కోల్పోయేవారే. పని జరగకుంటే నింద విదేశీయుడిపై వేయవచ్చు. జరిగితే కీర్తి తాము పొందవచ్చు.

ఈ జాప్యానికి మూల్యం చెల్లిస్తున్నది సామాన్య కుటుంబాలు. యుద్ధానంతరం తాత్కాలికమంటూ మొదలైన 'ఒకే కప్పు క్రింద రెండు బడులు' పద్ధతిలో బోస్నియాక్, క్రొయేషియన్ పిల్లలు ఒకే భవనంలో వేర్వేరుగా చదువుకున్నారు. ఆ పద్ధతి ఇంకా పూర్తిగా అంతరించలేదు. 1991 జనగణనలో సుమారు 44 లక్షలున్న జనాభా, 2013 నాటికి 35 లక్షలకు తగ్గింది. యుద్ధం కొందరిని మింగింది, కొందరిని తరిమింది. శాంతికాలంలోనూ యువత వలస ఆగలేదు.

పర్యవేక్షణను ఒక్కసారిగా ఎత్తివేయాలని మేము కోరము. స్రెబ్రెనిత్సాలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు అది మరో భయమే అవుతుంది. అయితే దాని విజయాన్ని కొలవవలసింది విధించిన చట్టాల సంఖ్యతో కాదు. ఇరువర్గాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చున్ననాడే పర్యవేక్షకుడి పని పూర్తయినట్లు.