ముట్టుకుంటే పాడైపోదు!

ఆన్ చేసిన ప్రతిసారీ మా కంప్యూటర్ది ఒకటే పాట. విండోస్ అప్‌డేట్ సగం దాకా వెళ్లడం, కాలేదంటూ మళ్లీ మొదటికి రావడం. "నువ్వు ముట్టుకోకు, షాపులో ఇద్దాం" అన్నారు మావారు. కిందటిసారి అలా ఇస్తేనే ఫార్మాట్ చేసేసి, అమ్మ ఫొటోలన్నీ పోగొట్టారు. అందుకే ఈసారి నేనే కూర్చున్నా. ముందు ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. చూస్తే సి డ్రైవ్ నిండిపోయి ఉంది. చోటే లేకపోతే అప్‌డేట్ ఎక్కడ దిగుతుంది? అక్కర్లేనివి తీసేసి, సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూటర్ నడిపి, రీస్టార్ట్ చేశా. అంతే, కుదురుకుంది!

అన్నిసార్లూ ఇంత తేలిగ్గా తేలకపోవచ్చు. అప్పుడు షాపుకివ్వడం తప్పేం కాదు. మనవి దాచుకోకుండా ఇవ్వడమే తప్పు. గ్యాస్ సిలిండర్ మార్చడం మనకు వదిలేసిన వాళ్లు, మౌస్ పట్టుకుంటే మాత్రం భయపడతారెందుకో!