పాత కంప్యూటర్లకు కాలము చెల్లినదా?

యంత్రము చెడలేదు, అయినను దానికి కాలము చెల్లినదని తీర్పు వెలువడినది. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణ సవరణలను నిలిపివేసిరి. విండోస్ 11కు మారవలెనన్నచో టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, కంపెనీవారి పట్టికలో చేరిన ప్రాసెసరును ఉండితీరవలెను. 2017 తొలినాళ్లలో కొన్న కంప్యూటర్లలో పెక్కింటికి ఆ పట్టికలో చోటు లేదు. సవరణలు లేని కంప్యూటరు తలుపు గడియ లేని యిల్లు.

కంపెనీవారి వాదము బొత్తిగా త్రోసివేయదగినది కాదు. క్రొత్త యంత్రములలోని రక్షణ పాతవానిలో లేదు. ప్రతి పాత యంత్రమునకును సవరణలు పరీక్షించుట వ్యయప్రయాసలతో గూడిన పని. లినక్సువారు సైతము 1985నాటి 386 ప్రాసెసరును 2012లో విడిచిరి. కాని యిరువదియేడేండ్లు మోసి దించుట వేఱు, ఎనిమిదేండ్లకే వాకిలి మూయుట వేఱు. రుసుము మొదలగు షరతులపై మఱియొక యేడాది గడువిచ్చిరి, నిజమే. వాయిదా యిచ్చినంతమాత్రమున తీర్పు న్యాయమగునా?

మన 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము సరకు నాణ్యతను తెలిసికొను హక్కును కొనువానికి ఒసగినది. కంప్యూటరు ఎన్నేండ్లు సురక్షితముగ నడచునన్నది నాణ్యతలో భాగము గాదా? ఆ గడువును అమ్మకమునాడే బిల్లుపై వ్రాసి యిచ్చునట్లు ప్రభుత్వము నిబంధింపవలెనని మా అభిప్రాయము. అంతవఱకు పాఠశాలలును పఠనమందిరములును తమ పాత కంప్యూటర్లను తుక్కుక్రింద అమ్మక, డెబియన్ వంటి ఉచిత లినక్సును వానిపై నెక్కించి చూచుట మేలు. కొన్నవాని సొత్తునకు ఆయుర్దాయము వ్రాయు నధికారము అమ్మినవాని కొక్కనికే యుండరాదు.