హిస్సా కొన్నోడికి పని తెలుసా?

కంపెనీలో కొంత హిస్సా కొని, నడిపే తీరు మార్చమని జిద్దు చేసేవాళ్లే యాక్టివిస్ట్ ఇన్వెస్టర్లు. వాళ్లొస్తే కంపెనీ బాగుపడుతుందా, బర్బాద్ అవుతుందా? అమెరికాకు చెందిన బిల్ ఆక్‌మన్ ఒక్కడి దగ్గరే రెండు జవాబులూ ఉన్నాయి.

2012లో కెనడియన్ పసిఫిక్ రైల్వే బోర్డుతో పోరాడి గెలిచి, రైళ్ల పనిలో ఉస్తాద్ అయిన హంటర్ హారిసన్‌ను తెచ్చాడు. వేల ఉద్యోగాలు పోయాయి. ఆ దర్ద్ చిన్నది కాదు. కానీ వంద డాలర్ల రాబడికి 81 డాలర్లున్న ఖర్చు 2015కల్లా దాదాపు 60కి దిగింది.

జేసీ పెన్నీ దుకాణాలకు మాత్రం యాపిల్ స్టోర్లు నడిపిన రాన్ జాన్సన్‌ను తెప్పించాడు. ఆయన డిస్కౌంట్ కూపన్లు ఎత్తేశాడు. గిరాకీ వచ్చేదే వాటికోసం! 2012లో అమ్మకాలు పావువంతు పడిపోయాయి. మరుసటి ఏడాది ఆక్‌మన్ నుక్సాన్‌కు హిస్సా అమ్ముకుని వెళ్లిపోయాడు. 2020లో కంపెనీ దివాలా తీసింది. ఆఖరి దెబ్బ కరోనాదే గానీ, అప్పటికే అది కమ్జోర్.

నా రాయ్ ఇదీ: సవాల్ చేయడం హిస్సాదారు హక్. కానీ కంపెనీ నిలబడేది గిరాకీ మిజాజ్ తెలిసినవాళ్ల చేతుల్లోనే. పిల్లల చదువుకు దాచిన పైసా షేర్లలో పెట్టే మనం, పెద్ద ఇన్వెస్టర్ వచ్చాడన్న ఖబర్‌కే ఖుష్ కావద్దు. ఎవరిని తెస్తున్నాడో, వాళ్లకు ఆ పని తెలుసో లేదో చూద్దాం.