ల్యాబ్‌లో పనిచేసిన మందు రోగికి ఎందుకు పనిచేయదు? మెదడు పరిశోధనలో పీహెచ్‌డీ శిక్షణతో మీకేంటి సంబంధం?

పక్షవాతం, పార్కిన్సన్స్, అల్జీమర్స్.. వీటికి కొత్త మందు దొరికిందన్న వార్తలు మీ ఫోన్‌లో తరచూ కనిపిస్తుంటాయి. చివరి వరకూ చదివితే ‘ఎలుకలపై ప్రయోగంలో’ అన్న మాట ఉంటుంది. తర్వాత ఆ మందు ఊసే ఉండదు. ఎందుకిలా?

ల్యాబ్‌లో తేలిన విషయాన్ని రోగి మంచం దాకా తీసుకెళ్లే పరిశోధనను ‘ట్రాన్స్‌లేషనల్ న్యూరోసైన్స్’ అంటారు. అందులో రోజువారీ పని ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థుల చేతుల మీదుగానే సాగుతుంది. కాబట్టి వాళ్లకు ఏం నేర్పుతున్నామన్నది మీకూ సంబంధించిన విషయమే.

ఒక మందు గెలిచింది, ఒకటి ఓడింది

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఇవ్వడంతో కదల్లేకుండా పడిపోయిన కుందేళ్లకు ఎల్-డోపా ఇచ్చారు. అవి మళ్లీ లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఒలే హోర్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయిన వారి మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిందని చూపించారు. మరుసటి ఏడాదే రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశారు. పార్కిన్సన్స్‌కు నేటికీ ప్రధానమైన మందు అదే. జంతువు, మనిషి మెదడు, రోగి.. మూడు చోట్లా ఆధారం దొరికింది.

పక్షవాతానికి తయారైన ఎన్‌ఎక్స్‌వై-059 కథ వేరు. జంతువుల్లో బాగా పనిచేసింది. రోగులపై తొలి పెద్ద ట్రయల్‌లోనూ కొంత ఆశ చూపింది. 3 వేల మందికి పైగా రోగులతో చేసిన రెండో ట్రయల్‌లో మాత్రం ఫలితం లేదని 2006లో తేలింది. తర్వాత పాత జంతు ప్రయోగాలను తిరగేస్తే అసలు లోపం బయటపడింది. ఏ జంతువుకు మందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చని ప్రయోగాల్లో, దేనికి మందు ఇచ్చారో తెలిసినవాళ్లే ఫలితం లెక్కగట్టిన ప్రయోగాల్లో లాభం ఎక్కువగా కనిపించింది.

శిక్షణలో ఏముండాలి?

మొదటిది, పైన చెప్పిన జాగ్రత్తలు. ఎన్ని జంతువులు అవసరమో ముందే లెక్కగట్టడం, ఫలితం రాకపోయినా దాచకుండా చెప్పడం కూడా ఇందులో భాగమే.

రెండోది, ఆసుపత్రి. కదలిక తగ్గిన ఎలుకను మాత్రమే చూసిన విద్యార్థికి, చొక్కా గుండీ పెట్టుకోలేని రోగి ఇబ్బంది అర్థం కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో ఆసుపత్రి, పరిశోధన ఒకే ఆవరణలో ఉంటాయి. దానం చేసిన మెదళ్లను భద్రపరిచే బ్రెయిన్ బ్యాంక్ 1995 నుంచి అక్కడే ఉంది.

మూడోది, జనంతో మాట్లాడటం. బెంగళూరు ఐఐఎస్‌సీలోని బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, కోలారు జిల్లా శ్రీనివాసపుర ప్రాంతంలో 45 ఏళ్లు దాటిన 10 వేల మందిని ఏళ్ల తరబడి పరిశీలించాలన్న లక్ష్యంతో అధ్యయనం చేస్తోంది. అది ఆంధ్రప్రదేశ్ సరిహద్దు జిల్లా, తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. అలాంటి చోట జ్ఞాపకశక్తి పరీక్షను అక్కడివారి భాషలో, చదువురానివారికీ అర్థమయ్యేలా చేయగలగాలి. లేదంటే చదువు లేకపోవడాన్నే మతిమరుపుగా లెక్కేసే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు ఎక్కడ?

టైమ్ దగ్గర. కేంద్రం ఇచ్చే జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42 వేలు. హెచ్‌ఆర్‌ఏ అదనం. మొత్తం అయిదేళ్లే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మాత్రం ఆరేళ్ల వరకు గడువుంది. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు పెరగొచ్చు. అంటే అయిదేళ్లు దాటితే చదువు సాగుతుంది, ఫెలోషిప్ ఆగుతుంది.

ఆసుపత్రితో కలిసి చేసే పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రోగులు దొరకాలి, నెలల తరబడి ఫాలో-అప్ ఉండాలి. ఈ లెక్క చూసుకున్న విద్యార్థి త్వరగా తేలే ఎలుకల ప్రయోగం వైపే మొగ్గుతాడు. థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. కానీ ఉద్యోగం అడిగేచోట చూసేది పేపర్లనే. ‘పనిచేయలేదు’ అని నిజాయితీగా చెప్పే పేపర్‌కు అక్కడ విలువ తక్కువ.

కొత్త భవనాల కంటే ముందు కావాల్సినవి మూడు: థీసిస్ ఇచ్చేదాకా ఆగని ఫెలోషిప్, శాస్త్రవేత్తతో పాటు ఒక డాక్టర్ కూడా గైడ్‌గా ఉండటం, మొదటి ఏడాదిలోనే కొన్ని వారాలు వార్డులో గడపడం.

మీరేం చేయొచ్చు?

ఈ రంగంలో పీహెచ్‌డీకి వెళ్తుంటే చేరకముందే అడగండి: ఏ ఆసుపత్రితో కలిసి పనిచేస్తారు? ఫెలోషిప్ ముగిశాక డబ్బు ఎలా? ఇక్కడి విద్యార్థులు సగటున ఎన్నేళ్లలో పూర్తిచేశారు?

మీ ఇంట్లో రోగిని ట్రయల్‌లో చేరమంటే సమ్మతి పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో ఇమ్మనండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు చికిత్స ఆగకూడదు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి తీసుకుంటే, ఆ వివరాలు మీ ఫోన్‌లోనే ఉచితంగా చూసుకోవచ్చు.