అంగిలి తీసేశారు, అన్నం తినేదెలా?

గ్లాసెడు నీళ్లు తాగితే సగం ముక్కులోంచి కారిపోయేవి. అంగిలికి వచ్చిన కేన్సర్ గడ్డతోపాటు పైదవడ ఎముకలో ఒక భాగం తీసేశాక మా పెద్దమ్మ పరిస్థితి అది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నిజమే, గడ్డ మళ్లీ రాలేదు. కానీ ఆవిడ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. మాట ముక్కుతో వచ్చి ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తినేది. ఏడాది గడిచాక ఒక డెంటల్ కాలేజీలో నోటి అచ్చు తీసి, అంగిలిలో పడిన కంతను మూసే పళ్లెం చేసి పెట్టారు. చూడ్డానికి కట్టుడుపళ్ల సెట్టులా ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఒక్క చుక్క పోకుండా నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ‘ఇది ముందే ఎందుకు పెట్టనేదురా?’ అని నన్నడిగింది.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలుసుకున్నాను, ముందే పెట్టొచ్చు. ఆపరేషన్‌కు ముందు పంటి డాక్టరును పిలిచి అచ్చు తీయిస్తే, తాత్కాలిక పళ్లెం తయారుగా ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీదే దాన్ని బిగించవచ్చు. కొద్ది నెలల్లో గాయం మానాక అసలుది చేస్తారు. కావలసిందల్లా కోసే డాక్టరూ, కట్టే డాక్టరూ కోతకు ముందు ఒకసారి కూర్చొని మాట్లాడుకోవడం.

అంగిలి కేన్సర్ మన తీరానికి కొత్త కాదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. గాలికి ఆరదు, చేతిలో పని ఆగదు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన పిండ్‌బోర్గ్ బృందం తన నివేదికను 1971లోనే ప్రచురించింది. ఇప్పుడు ఖైనీ, గుట్కా పుణ్యమా అని బుగ్గ, చిగుళ్ల కేన్సర్లు కుర్రవాళ్లకూ వస్తున్నాయి. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా నోటి కేన్సర్ బారిన పడినవారు సుమారు 1.4 లక్షల మంది.

ప్రాణం కాపాడటంలో మన సర్జన్లు ఎవరికీ తీసిపోరు. తొలిదశ నోటి కేన్సర్‌లో మెడ గ్రంథులను ముందే తీసేయాలా, అవి ఉబ్బేదాకా ఆగాలా అన్న ఎన్నాళ్లనుంచో ఉన్న సందేహాన్ని తీర్చింది ముంబై టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందమే. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉంటే, ఆగినవారిలో 67.5 శాతమే ఉన్నారు. ప్రపంచం ఆ లెక్కను అనుసరిస్తోంది. బతికినవాళ్లు ఎలా తింటున్నారు, ఎలా మాట్లాడుతున్నారు అన్నది మాత్రం మన లెక్కల్లోకి ఇంకా సరిగా ఎక్కలేదు.

కిందిదవడ సంగతి చూడండి. గడ్డ ఎముకలోకి పాకితే ఆ ముక్కను, చుట్టూ సెంటీమీటరు మేర మంచి కండను కలిపి తీసేయాలి. అక్కడ రాజీ పనికిరాదు. గడ్డం మధ్య ఎముక పోతే పెదవికి ఆసరా ఉండదు, చొంగ ఆగదు, ముద్ద నిలవదు. న్యూయార్క్ సర్జన్ హిడాల్గో 1989లో చూపిన దారిలో ఇప్పుడు మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదాన్ని, రక్తనాళాలతో సహా తీసి, ముక్కలుగా కోసి దవడ ఆకారంలో ప్లేటుకు బిగిస్తున్నారు. ఒంటి బరువు మోసేది రెండో ఎముక కాబట్టి మనిషి మళ్లీ నడవగలడు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాన్ని మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడలోని నాళానికి కుట్టాలి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నర్సు గంటగంటకూ టార్చి వేసి, అతికించిన కండ రంగు చూస్తుంది. నీలంగా మారితే రోగిని అర్ధరాత్రైనా మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సిందే. ఇంత వసతి లేనిచోట ఛాతీ కండను మెడ మీదుగా తిప్పి నోటిలో కుడతారు. 1979 నుంచి ఎందరినో నిలబెట్టిన పద్ధతది, తక్కువచేసి చూడనక్కర్లేదు. కాకపోతే దానితో కండే వస్తుంది, ఎముక రాదు.

ఈ పనిని ‘అందం కోసం’ అన్న ఖాతాలో వేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముద్ద మింగడం అందం కాదు. గడ్డ తీయడం, ముఖం తిరిగి కట్టడం, పళ్లెం అమర్చడం, మింగడంలో, మాట్లాడటంలో శిక్షణ ఇవ్వడం, అన్నీ కలిపి ఒకే చికిత్సగా ఆరోగ్య పథకాలు ధర కట్టాలి. నోటి కేన్సర్‌కు కత్తి పట్టే ప్రతి ఆస్పత్రిలోనూ ఆపరేషన్‌కు ముందే పంటి డాక్టరు రోగిని చూసినట్టు కేసు షీటులో ఉండాలి.

పళ్లెం కూడా శాశ్వతం కాదు. గాయం మానేకొద్దీ కంత ఆకారం మారుతుంది, పళ్లెం వదులవుతుంది, మళ్లీ సరిచేయించుకోవాలి. అందుకోసం మా పెద్దమ్మ తెల్లవారుజామున బస్సెక్కి విశాఖ వెళ్లేది. తాను ఉండే జిల్లా ఆస్పత్రిలోనూ పంటి కుర్చీ ఉంది. అచ్చు తీసి పళ్లెం సవరించడం నేర్చినవాళ్లను ఆ కుర్చీ దగ్గర వేయాలి.