మొజార్ట్‌ను ఓడిస్తేనే గొప్పవాడా?

2023లో థియేటర్లకొచ్చిన హాలీవుడ్ చిత్రం ‘షెవాలియర్’ మొదట్లోనే కథానాయకుడు వేదికెక్కి, మొజార్ట్‌తో వయొలిన్ పోటీకి దిగి, అతణ్ణి చిన్నబుచ్చి జనం చేత చప్పట్లు కొట్టించుకుంటాడు. అలాంటి పోటీ జరిగిన దాఖలా లేదు. సినిమా అన్నాక కల్పన ఉంటుంది, దానికి అభ్యంతరం లేదు. కానీ ఈ కల్పన ఎవరి గొప్పను పెంచుతోంది? కథానాయకుడు జోసెఫ్ బొలోన్ 1745లో ఫ్రెంచి వలస ద్వీపం గ్వాడలూప్‌లో ఒక తోటల యజమానికీ, అతని కింద బానిసగా ఉన్న నానోన్ అనే నల్లజాతి స్త్రీకీ పుట్టాడు. పారిస్‌లో చదువుకుని, ముందు కత్తిసాములోనూ తర్వాత వయొలిన్‌లోనూ పేరు తెచ్చుకున్నాడు. 1773లో నగరంలోని మేటి వాద్యబృందాల్లో ఒకదానికి సారథి అయ్యాడు. మొజార్ట్ తన అయిదు వయొలిన్ కన్‌సర్టోల్లో నాలుగింటిని రాసింది 1775లో. అప్పటికే బొలోన్ తన కన్‌సర్టోలను పారిస్ శ్రోతలకు వినిపించేశాడు. అలాంటివాడి ప్రతిభకు మొజార్ట్ చేత సాక్ష్యం చెప్పించడమంటే, కొలబద్ద ఇంకా తెల్లవాళ్ల చేతిలోనే ఉందని ఒప్పుకోవడమే. మన దగ్గర బాగా పాడే కుర్రాడు కనిపిస్తే ‘జూనియర్ ఘంటసాల’ అనేస్తాం. మెచ్చుకున్నట్టే ఉంటుంది, వాడి సొంత గొంతు మాత్రం ఎవరికీ పట్టదు. బొలోన్‌కు తగిలించిన ‘నల్ల మొజార్ట్’ బిరుదూ అంతే.

ఈ చిత్రం సాధించిందేమీ లేదనడం అన్యాయం. ‘బ్రిడ్జర్‌టన్’ లాంటి ధారావాహికలు నల్లజాతి నటులకు రాజసభలో చోటిచ్చాయి గానీ, ఆ చోటు దక్కడానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారో దాదాపు దాటవేశాయి. ‘షెవాలియర్’ దాటవేయలేదు. 1776లో పారిస్ ఒపేరా సారథ్యానికి బొలోన్ పేరు వచ్చినప్పుడు ఇద్దరు గాయనులు, గిమార్ అనే నర్తకి రాణికి అర్జీ పెట్టుకున్నారు. మిశ్రజాతివాడి ఆజ్ఞలు పాటిస్తే తమ పరువు పోతుందన్నది దాని సారాంశం. పదవి అతనికి దక్కలేదు. మరుసటి ఏడాదే నల్లవాళ్లు, మిశ్రజాతివాళ్లు ఫ్రాన్స్‌లో అడుగుపెట్టకూడదని రాజశాసనం వచ్చింది. అర్జీ ఘట్టం సినిమాకు వెన్నెముక. రంగు పట్టించుకోకుండా నటుల్ని ఎంచుకునే పద్ధతిలో ఇది చెప్పడం కుదిరేది కాదు, ఎందుకంటే ఇక్కడ కథంతా ఆ రంగు చుట్టూనే తిరుగుతుంది.

మొజార్ట్ మీద తీసిన ‘అమెడియస్’ సినిమాలో తోటి స్వరకర్త సలియేరీ మీద అంత అభాండం వేస్తే లేని పట్టింపు ఇక్కడెందుకని అడగవచ్చు. మొజార్ట్ మీద పుస్తకాలు గ్రంథాలయాల నిండా ఉన్నాయి. సినిమా తప్పు చెబితే సరిదిద్దుకోవడం తేలిక. బొలోన్ పేరు మొదటిసారి వింటున్న ప్రేక్షకుడికి సినిమా చెప్పిందే చరిత్ర. ఆ పోటీ కల్పన అని తెలిసిన రోజున మిగతాదీ కట్టుకథేనేమో అన్న అనుమానం వస్తుంది, నిజమైన ఆ అర్జీతో సహా. ఇక రెండో వాదన మార్కెట్‌ది: మొజార్ట్ పేరు లేకపోతే టిక్కెట్టు ఎవరు కొంటారని. అందులో కొంత నిజముంది. అయినా మొజార్టే కావాలనుకుంటే చరిత్రలోనే ఉన్నాడు. 1778లో మొజార్ట్ తల్లి పారిస్‌లో చనిపోయాక, ఇరవై రెండేళ్ల మొజార్టూ, బొలోనూ కొన్నాళ్లపాటు ఒకే ఇంటి కప్పు కింద ఉన్నారు. ఒకడికి ఉద్యోగం దొరకడం లేదు, రెండోవాడికి దొరకబోయిన ఉద్యోగాన్ని చర్మం చూసి ఆపేశారు. ఆ ఇంట్లో వాళ్లేం మాట్లాడుకున్నారో రచయిత ఎంతైనా ఊహించవచ్చు, చరిత్ర అడ్డుపడదు.

హేడన్ ఘట్టం ఇంతకన్నా పెద్దది. ‘పారిస్ సింఫనీలు’గా ప్రసిద్ధమైన ఆరింటినీ హేడన్ రాసింది 1780లలో బొలోన్ నడిపిన వాద్యబృందం కోసమే. యూరప్‌లో అందరికన్నా పేరున్న స్వరకర్త పంపిన కొత్త కాగితాల్ని ముందేసుకుని, బానిస తల్లికి పుట్టినవాడు పెద్ద ఆర్కెస్ట్రాకు సాధన చేయిస్తున్న సన్నివేశం తీయడానికి పోటీ కల్పించనక్కర్లేదు. వాయించేవాళ్లకు డబ్బులిచ్చి, ఆ సంగీతాన్ని నాలుగు నిమిషాలు కత్తిరించకుండా వదిలేస్తే చాలు.